కొండ మీద కిలో బరువు

తిరుమల కొండకు నడిచి వెళ్ళినవారిని ఎవరినైనా అడిగి చూడండి. అలిపిరి దగ్గర చేతిసంచి బరువు తెలియనే తెలియదు. గాలిగోపురం దాటేసరికి అది కుడిచేతి నుంచి ఎడమచేతికి మారుతుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర, "యీ రెండో దుప్పటి ఎందుకు తెచ్చానురా భగవంతుడా!" అనిపిస్తుంది. సంచి అదే, కాళ్ళే మారిపోయాయి.

తిరుమల ఎత్తు సుమారు 3,200 అడుగులు. దానికి మూడు రెట్ల ఎత్తున, చలికాలం మొదట్లో, తుపాకి భుజాన వేసుకుని తెల్లవారుజామునుంచి చీకటి పడేదాకా నడిచేవాళ్ళున్నారు. వారు అమెరికాలోని రాకీ పర్వతాల్లో ఎల్క్ వేటకు వెళ్ళేవారు. కొలరాడో, వయోమింగ్, మోంటానా రాష్ట్రాల్లో యీ వేట ఏటా వచ్చే పండుగలాంటిది. పండుగ దగ్గర పడుతోందంటే వేటగాళ్ళ మధ్య ఒకటే చర్చ: తేలిక రైఫిలు కొనాలా, వద్దా?

చేతిసంచి సమస్యే గదా, తేలికది కొంటే సరి, అనుకుంటాం. కాని యిందులో ఒక మెలిక వుంది.

ఏమిటీ ఎల్క్?

ఎల్క్ అంటే మన అడవుల్లోని కణుజుకు దూరపు చుట్టం. మగది 300 కిలోలకు పైగా తూగుతుంది. భుజం దగ్గర 5 అడుగుల ఎత్తు వుంటుంది. చెట్టుకొమ్మల్లాంటి దాని కొమ్ములు ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. దీనికి వాపిటి అని ఇంకో పేరు వుంది. షానీ తెగవారి భాషలో ఆ మాటకు తెల్లని పిరుదులు కలది అని అర్థం. పేరు విషయంలో తికమక కూడా వుంది. ఐరోపాలో ఎల్క్ అంటే మరో జంతువు. సింహళంలో వేటాడిన ఇంగ్లీషు దొరలు ఏకంగా కణుజునే ఎల్క్ అన్నారు.

ఇంత పెద్ద జంతువును ఒక్క గుండుతో పడగొట్టాలంటే గుండుకు బరువూ వుండాలి, వేగమూ వుండాలి. కొలరాడోలో దీనికి చట్టమే వుంది. ఎల్క్ మీద పేల్చే గుండు కనీసం 85 గ్రెయిన్లు, అంటే అయిదున్నర గ్రాములు తూగాలి. చాలామంది దానికి రెట్టింపు బరువున్న గుండు వాడతారు.

బరువు ఎలా తగ్గిస్తారు?

ఒకప్పుడు మన పోలీసుల భుజాన కనిపించిన త్రీ నాట్ త్రీ సుమారు 4 కిలోలు వుండేది. పాతకాలపు వేట రైఫిలు కూడా, దుర్భిణి బిగించి పట్టీ తగిలిస్తే, దాదాపు అంతే తూగేది. 1952లో వించెస్టర్ కంపెనీ "ఫెదర్ వెయిట్", అంటే ఈక బరువు, అనే పేరుతో సుమారు 3 కిలోల రైఫిలు తెచ్చింది. ఇవాళ దుర్భిణి లేకుండా రెండున్నర కిలోలకు లోపున్నవి కూడా దొరుకుతున్నాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. భుజానికి ఆనించే భాగం వాల్ నట్ కర్రతో కాకుండా కార్బన్ నారతో చేస్తారు. గొట్టాన్ని సన్నం చేస్తారు, పొట్టి చేస్తారు. పొట్టి తూటా వాడితే, దాన్ని లోపలికి తోసే యంత్రభాగం కూడా పొట్టిదవుతుంది. అక్కడ నాలుగు తులాలు, యిక్కడ ఆరు తులాలు తగ్గించుకుంటూ పోతే కిలో తగ్గుతుంది.

అయితే సన్నని గొట్టం త్వరగా వేడెక్కుతుంది. వరసగా నాలుగైదు గుళ్ళు పేలిస్తే గురి కొంచెం చెదరవచ్చు. పొట్టి గొట్టంలో గుండు వేగం కొంత తగ్గి, చప్పుడు పెరుగుతుంది. వేటలో పేల్చేది ఒకటో రెండో గుళ్ళు కాబట్టి వీటితో సర్దుకోవచ్చు. సర్దుకోవడం కష్టమైంది వేరే వుంది.

వెనక్కి తన్నే తుపాకి

గుండు ముందుకు దూసుకుపోతే తుపాకి వెనక్కి తన్నుతుంది. ఇది న్యూటను చెప్పిన సూత్రమే. తూటా అదే అయినప్పుడు, తుపాకి ఎంత తేలికయితే తన్ను అంత గట్టిది. 8 పౌన్ల రైఫిలుకు బదులు 6 పౌన్లది పట్టుకుంటే తన్నులోని శక్తి మూడోవంతు పెరుగుతుంది. కొండ ఎక్కేటప్పుడు ఆదా చేసిన బరువుకు భుజం వడ్డీ కడుతుందన్నమాట!

భుజం నొప్పి నాలుగు రోజుల్లో పోతుంది. భయం పోదు. రెండుసార్లు గట్టి దెబ్బ తిన్న మనిషి మూడోసారి మీట నొక్కేముందే కన్ను మూస్తాడు, భుజం బిగిస్తాడు. అంతే, గుండు పక్కకు పోతుంది. పైగా తేలిక తుపాకి చేతిలో నిలకడగా నిలవదు. కొండెక్కి రొప్పుతున్న మనిషి గుండె కొట్టుకున్నప్పుడల్లా దాని కొస కదులుతుంది.

ఇద్దరు పెద్దల తగవు

ఎంత గుండు కావాలన్న విషయం మీద అమెరికాలో ఇద్దరు ప్రసిద్ధ రచయితలు చాలా ఏళ్ళు వాదించుకున్నారు. జాక్ ఓకానర్ 1925లో వచ్చిన టూ సెవెంటీ తూటాను మెచ్చుకున్నాడు. గుండు చిన్నదయినా తగలవలసిన చోట తగిలితే చాలునన్నది ఆయన పక్షం. ఐడాహోకు చెందిన ఎల్మర్ కీత్, పెద్ద జంతువుకు పెద్ద గుండే వుండాలన్నాడు. ఇద్దరూ పోయారుగాని తగవు పోలేదు.

తేలిక రైఫిలు కొనదలచినవారికి మాత్రం ఓకానర్ మాటే మేలు చేస్తుంది. రెండున్నర కిలోల తుపాకిలో భారీ మాగ్నం తూటా పెట్టడం చంటిపిల్లవాడి చేతికి పోట్లగిత్తను అప్పగించినట్టే. టూ సెవెంటీ, త్రీ నాట్ ఎయిట్ వంటి మధ్యరకం తూటాలు ఎల్క్ కు చాలు, భుజానికీ మేలు.

అసలు నష్టం ఎవరిది?

గుండు గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే ఎల్క్ త్వరగా పడిపోతుంది. పొట్టలో తగిలితే మైళ్ళకొద్దీ పరుగెత్తి, ఎవరికీ కనిపించని లోయలో గంటల తరబడి బాధపడి చస్తుంది. తూకంలో తేలికని చూసి కొని, సాధన చేయకుండా కొండెక్కినవాడి తప్పుకు జరిమానా కట్టేది ఆ జంతువు.

19వ శతాబ్దంలో అడ్డూ ఆపూ లేని వేటవల్ల చాలాచోట్ల ఎల్క్ మాయమైంది. తరవాత వయోమింగ్ నుంచి తెచ్చి కొలరాడోలో మళ్ళీ వదిలారు. ఇవాళ అమెరికాలో ఎక్కువ ఎల్క్ వున్న రాష్ట్రం కొలరాడోయే. 1937లో వచ్చిన చట్టం ప్రకారం వేట రైఫిళ్ళమీదా తూటాలమీదా 11 శాతం పన్ను వేసి, ఆ డబ్బు వన్యప్రాణుల రక్షణకు ఇస్తున్నారు. అనుమతి చీటీ లేనిదే వేట లేదు. తినదగిన మాంసం పారవేస్తే అది నేరం. మన దేశంలో 1972 నాటి చట్టం కింద కణుజు వేటే నేరం. దారులు వేరైనా, కళ్ళముందు మాయమైన జంతువే రెండు దేశాలకూ పాఠం చెప్పింది.

అందుకని అనుభవజ్ఞులు చెప్పే సలహా యిది. దుర్భిణితో కలిపి మూడు, మూడుంపావు కిలోల రైఫిలు చాలు. భుజం దగ్గర మంచి రబ్బరు మెత్త వుండాలి. వేటకు ముందు నెలల తరబడి కూర్చునీ, మోకాలిమీద మోచెయ్యి ఆనించీ గురి సాధన చేయాలి. కొండమీద నిలబడి పేల్చకుండా, వీపున వున్న సంచి దించి దానిమీద తుపాకి ఆనించాలి. ఇంకా బరువు తగ్గించాలంటే ముందు సంచిలో వెదకాలి, ఆ తరవాత నడుము చుట్టూ వెదకాలి. అక్కడ తగ్గే కిలోకు డబ్బు ఖర్చు లేదు, తన్నూ లేదు.

ఇవేమీ చేయకుండా గురి తప్పినవాడు తుపాకిని తిట్టుకుంటాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకు కొత్తదా! కాకపోతే మద్దెల విషయంలో చెడేది ఒక పూట ఆట. ఇక్కడ పోయేది ఒక ప్రాణం.