జట్కా గుర్రము: పోషణ, మనశ్శాంతి

కర్నూలు, కడప పట్టణములలో ఒకప్పుడు రైలు దిగిన ప్రయాణికునికి స్టేషను బయట మొదట ఎదురుపడునది జట్కాబండియే. ఆటోరిక్షాలు వచ్చిన పిదప జట్కాలు చాలవరకు కనుమరుగైనవి. గుర్రము మాత్రము మనలను పూర్తిగా విడిచిపోలేదు. పెండ్లి బరాతులలో, ఉత్సవములలో అది నేటికిని మన నడుమ నడచుచునే యున్నది. దాని బాగోగులను గూర్చి మేము చెప్పదలచిన మాట ఒక్కటే. గుర్రమునకు దాణా ఎంత అవసరమో, భయము లేని మనస్సు కూడ అంతే అవసరము.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. శాలిహోత్రుని పేర సంస్కృతమున వెలసిన అశ్వశాస్త్రము పారసీక భాషలోనికి అనువదింపబడినది. గుర్రపు వైద్యుని ఉర్దూలో 'సలోత్రీ' అనుట ఆ పేరునుండి వచ్చినదే. తెలుగున మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' రచించెను. అయినను శాస్త్రము గ్రంథములలో నుండుట వేరు, సాలలో నుండుట వేరు. 13వ శతాబ్ది చివర దక్షిణ తీరమును చూచిన మార్కో పోలో, పాండ్య రాజులు ఏటేట సముద్రము మీదుగా వేలకొలది గుర్రములను కొనుచుండిరనియు, పోషణ తెలిసినవారు లేనందున వానిలో పెక్కు ఏడాది తిరుగకముందే చచ్చుచుండెననియు వ్రాసెను. ధనము గుర్రమును కొనగలదు గాని బ్రతికింపలేదు.

ముందుగా మేతను చూతము. గుర్రము ఆవువలె నెమరు వేయదు. దాని దేహముతో పోల్చినచో కడుపు చిన్నది. తిన్నది సరిపడకున్నను వాంతి చేసికొనలేదు. కావున కొంచెము కొంచెముగా పలుమార్లు మేపవలెను. గడ్డి ప్రధానము, దాణా దానికి తోడు మాత్రమే. మన మెట్ట పొలములలో పండు ఉలవలను నానబెట్టి గాని ఉడికించి గాని పెట్టుట వాడుక. ఒక్కసారిగా దాణా పెంచినచో శూల పుట్టును. గుర్రము మాటిమాటికి డొక్క వైపు తిరిగి చూచుట, ముందుకాలితో నేలను గోకుట, పడి పొరలుట దాని గుర్తులు. అట్టి సమయమున నాటువైద్యముతో ప్రొద్దు పుచ్చక పశువైద్యుని పిలువవలెను. వానలు లేక గిడసబారిన లేత జొన్న పైరులో విషముండును గనుక దానిని మేపరాదు.

రెండవది నీరు. పనిలేని దినమున కూడ పెద్ద గుర్రము సుమారు 25 నుండి 40 లీటర్ల నీరు త్రాగును. వేసవిలో పనిచేయునపుడు ఇంకను ఎక్కువ కావలెను. చెమటతో లవణములు పోవును గనుక ఉప్పు కూడ అందవలెను. చెమట పట్టిన గుర్రమునకు నీరు పెట్టరాదని, ఒంటిపై చన్నీరు పోయరాదని పాత నమ్మకము కలదు. 1996లో అట్లాంటాలో జరిగిన ఒలింపిక్ క్రీడలకు ముందు, వేడిమిలో గుర్రములను కాపాడు ఉపాయములను శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. చన్నీరు పోయుట హాని కాదని, మేలేనని తేలినది. త్రాగు నీటిని కూడ నిరాకరింపనక్కరలేదు.

ఇక చట్టము. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింస నివారణ చట్టము వచ్చినది. దాని క్రింద 1965లో చేసిన నియమముల ప్రకారము బండి లాగు జంతువుచే దినమునకు తొమ్మిది గంటలకు మించి గాని, విశ్రాంతి లేక అయిదు గంటలకు మించి గాని పని చేయింపరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటిన చోట పగలు 12 నుండి 3 గంటల వరకు బండి కట్టరాదు. తోలువాడును, ఆరేండ్లలోపు పిల్లలును గాక నలుగురికి మించి ఎక్కింపరాదు. ఏప్రిల్, మే నెలలలో మన సీమ ఎండ తరచు 40 డిగ్రీలు దాటును. అనగా ఈ నియమము మన ఊళ్ళ కొరకే వ్రాసినట్లున్నది.

ప్రతిదినము మాలీసు చేయుట, గిట్టలలో చిక్కిన రాళ్ళు తీయుట, ఆరు నుండి ఎనిమిది వారములకొకసారి గిట్టలు చెక్కించి లాడములు సరిచేయించుట, తోలుపట్టీలు ఒరిసి పుండ్లు పడకుండ చూచుట దేహరక్షణలోనివే.

మనస్సు సంగతి ఇంతకంటె సూక్ష్మము. గుర్రము మందలో బ్రతుకు జీవి. క్రూరమృగములకు ఆహారమైన జాతి గనుక బెదరి పారిపోవుటయే దానికి రక్షణ. చెవులు వెనుకకు అణగి నొక్కుకొనుట కోపమునకో బాధకో గుర్తు. ఒంటరిగా కట్టివేసిన గుర్రము కొయ్యను కొరుకుట, నిలిచినచోటనే ఇటునటు ఊగుట అలవరచుకొనును. అది పొగరు కాదు, వేదన. తిన్నగా వెనుకనున్నది దానికి కనబడదు. కావున పలుకరించుచు ప్రక్కనుండి దరిచేరవలెను. మరియొక విశేషము గమనింపదగినది. గుర్రము నిలబడియే కునుకు తీయగలదు గాని గాఢనిద్రకు పడుకొనక తప్పదు. తాను క్షేమముగా నున్నానని నమ్మినచోటనే అది పడుకొనును. భయపడిన గుర్రమునకు నిద్ర లేదు. నిద్ర లేని దేహమునకు ఉలవలు ఎన్ని పెట్టినను బలము రాదు. మనస్సునకు, దేహమునకు గల ముడి ఇదియే.

గుర్రము జబ్బుపడిన నాడు దానిని నమ్ముకొన్న సాయిబు ఇంట పొయ్యి వెలుగుట కష్టము. కాబట్టి తప్పంతయు అతనిపై మోపుట న్యాయము కాదు. బేరమాడి అయిదవ మనిషిగా ఎక్కువాడును, బరాతులో గుర్రపు చెవి దగ్గర టపాకాయలు కాల్చువాడును ఆ పాపములో భాగస్థులే. కడప జిల్లా ప్రొద్దుటూరులో 2008 నుండి పశువైద్య కళాశాల కలదు. వైద్యమెక్కడో తెలియని గుర్రపువానికి దారి చూపుట చదువుకొన్న యువకులకు పెద్ద పని కాదు. మీలో పలువురు రేపు వరులై గుర్రమెక్కుదురు. ఆనాడు ఎక్కుటకు ముందు దానికి నీరు పెట్టిరా, నీడ చూపిరా అని అడుగుడు. బాజాలను నాలుగడుగులు ఎడముగా నడువుమనుడు. అంతమాత్రముచే మీ ఊరేగింపు వైభవము తరుగదు. నోరు లేని ఆ జీవి భారము మాత్రము తరుగును.