బస్టాపులో నిలబడ్డ హీరో... నిలబెట్టిన బాసు!

మన కుర్రాళ్ళు కాలేజీ గేటు దగ్గర ఒకరినొకరు "ఏం బాసూ!" అని పిలుచుకుంటారు కదా! హిందీ చిత్రసీమలో అసలు సిసలు బాసులు ఇద్దరున్నారు. ఒకరు బాసు భట్టాచార్య, రెండోవారు బాసు చటర్జీ. ఇద్దరూ బెంగాలీలే, ఇద్దరూ దర్శకులే. ఒకరి సినిమాని ఇంకొకరి ఖాతాలో వేసేసే ప్రేక్షకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. భట్టాచార్య "తీస్రీ కసమ్" (1966) తీస్తున్నప్పుడు చటర్జీ ఆయన దగ్గర అసిస్టెంటు. నేను చెప్పబోయేది ఆ అసిస్టెంటు సంగతి.

1975లో హిందీ తెరని ఏలినవి "దీవార్", "షోలే". హీరో అంటే కళ్ళల్లో నిప్పులు, చేతిలో తుపాకీ! సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక హీరో చేతిలో ఆఫీసు ఫైలు పట్టుకుని, బొంబాయి బస్టాపులో నిలబడి, ఎదురుగా ఉన్న అమ్మాయితో ఒక్క ముక్క మాట్లాడలేక చెమటలు కక్కుకున్నాడు. జనం ఆ హీరోకి కూడా టిక్కెట్లు కొన్నారు. ఎలా కొన్నారన్నదే నాకు ఎప్పటినుంచో ఉన్న ఆశ్చర్యం.

కార్టూన్లనుంచి కెమెరాకి

చటర్జీ పుట్టింది రాజస్థాన్‌లోని అజ్మీర్‌లో, పెరిగింది మధురలో. పేరుకి బెంగాలీ అయినా ఆయన చదివిందీ, తిరిగిందీ హిందీ వాళ్ళ మధ్యనే. పొట్ట చేతబట్టుకుని బొంబాయి వచ్చాక "బ్లిట్జ్" వారపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. ఒకటి కాదు, రెండు కాదు... పద్ధెనిమిదేళ్ళు అక్కడ బొమ్మలు గీశారు! మరోపక్క ఫిలిం సొసైటీల్లో దేశదేశాల సినిమాలు చూశారు. "తీస్రీ కసమ్" తర్వాత "సరస్వతీచంద్ర" (1968)కి కూడా సహాయకుడిగా పని చేశారు.

ఈ కార్టూన్ల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆయన సినిమా అంతా అందులోనే ఉంది. కార్టూనిస్టుకి దొరికేది చిన్న చోటు. రెండు గీతల్లో మనిషి ఎవరో తెలిసిపోవాలి. గొడుగు పట్టుకునే తీరు, జేబులో పెన్ను, టీ కప్పు ముందు సందేహం... చటర్జీ పాత్రలు ఇలాగే పరిచయమవుతాయి. "బాతోం బాతోం మే" (1979)లో లోకల్ రైలెక్కే హీరోని ఏకంగా కార్టూనిస్టునే చేసేశారు!

మాట్లాడని మొగుడు

తొలి చిత్రం "సారా ఆకాశ్" (1969). మూలం రాజేంద్ర యాదవ్ నవల. ప్రభుత్వ సంస్థ ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పుతో తీసిన సినిమా. షూటింగ్ ఎక్కడనుకున్నారు? స్టూడియోలో కాదు, ఆగ్రాలో నవలా రచయిత సొంత ఇంట్లో! అదే ఏడాది మృణాల్ సేన్ "భువన్ షోమ్", మణి కౌల్ "ఉస్‌కీ రోటీ" తయారయ్యాయి. ఈ మూడింటితోనే హిందీలో కొత్త సినిమా మొదలైందంటారు. మూడింటికీ కెమెరా పట్టిన మనిషి ఒక్కరే... కె.కె. మహాజన్. చటర్జీతో ఆయన జోడీ ఆ తర్వాత చాలా ఏళ్ళు సాగింది.

కథ రెండు ముక్కల్లో చెబుతాను. చదువు ఇంకా పూర్తికాని కుర్రాడికి ఇష్టంలేని పెళ్ళి చేస్తారు. ఆ కోపం వాడు పెద్దవాళ్ళమీద చూపించలేడు. పెళ్ళాంమీద చూపిస్తాడు. నెలల తరబడి ఆమెతో మాట్లాడడు! విలన్ లేడు, కొట్లాట లేదు. ఒక మేడ, ఒక ఉమ్మడి కుటుంబం, ఒక మౌనం... అంతే. కానీ చూస్తున్నంతసేపూ ఆ అమ్మాయి పక్షాన మన గొంతు పట్టేస్తుంది. ఈ చిత్రానికి స్క్రీన్‌ప్లే రాసినందుకు చటర్జీకి ఫిలింఫేర్ అవార్డు దక్కింది.

తర్వాత రాజశ్రీ వారికి "పియా కా ఘర్" (1972) తీశారు. మరాఠీ చిత్రం "ముంబయ్‌చా జావయి"కి ఇది హిందీ రూపం. బొంబాయి ఇరుకింట్లోకి కొత్తకోడలుగా జయభాదురి వస్తుంది. ఇంటినిండా మనుషులే! కొత్త దంపతులు నాలుగు మాటలు చెప్పుకుందామంటే చోటు లేదు. నవ్వుతూ చూస్తాం గానీ, నగరంలో అద్దెకొంపల బతుకు తెలిసినవాళ్ళకి ఆ నవ్వు వెనక ఏముందో తెలుసు.

లిల్లీపూల గుత్తి

ఇక 1974... "రజనీగంధ". రజనీగంధ అంటే మన బజార్లో లిల్లీపూలని అమ్మేవే! మన్నూ భండారీ రాసిన కథ దీనికి ఆధారం. ఆమె "సారా ఆకాశ్" రచయిత రాజేంద్ర యాదవ్‌గారి శ్రీమతి. అంటే భర్త నవలతో మొదలుపెట్టి, భార్య కథతో గెలిచారన్నమాట!

దీప ఢిల్లీలో పరిశోధన చేసే అమ్మాయి. ఆమెని ప్రేమించే సంజయ్ చెప్పిన టైముకి రాడు, వచ్చినా ఆఫీసు గొడవలూ ప్రమోషనూ తప్ప ఇంకో కబురు లేదు. ఇంటర్వ్యూకోసం ఆమె బొంబాయి వెళితే, ఒకప్పటి ప్రేమికుడు నవీన్ దగ్గరుండి అన్నీ చూసుకుంటాడు. పాత ప్రేమ మళ్ళీ రాజుకుంటుంది. ఎవరు నిజం? దీన్ని అమ్మాయి మనసులోంచి చెప్పడమే ఈ సినిమా గొప్ప. ఇద్దరి మధ్య ఊగిసలాడే కథానాయికని తెరమీద "చెడ్డది" అనేయడం తేలిక. చటర్జీ ఆమెమీద తీర్పు చెప్పలేదు. ఆమె పక్కన కూర్చుని విన్నారు.

ఇందులో పాటలు ఎవరూ పెదవి కదిపి పాడరు, వెనకనుంచి వినిపిస్తాయి. టాక్సీలో నవీన్ పక్కన దీప కూర్చున్నప్పుడు వచ్చే ముఖేష్ పాట చూడండి. ఆమె చూపు అతని చేతిమీద ఆగుతుంది. ఆ కాస్త ఎడం దాటాలా, వద్దా? మొత్తం సినిమా ఆ సీటులోనే ఉంది! సలీల్ చౌధురి కట్టిన ఆ పాటకి ముఖేష్‌కి జాతీయ అవార్డు వచ్చింది. చిత్రానికేమో ఫిలింఫేర్ ఉత్తమ చిత్రం అవార్డూ, విమర్శకుల అవార్డూ రెండూ దక్కాయి. నాటకాలాడుతూ, బొమ్మలేస్తూ, బ్యాంకు ఉద్యోగం చేసుకునే అమోల్ పాలేకర్‌కి హిందీలో హీరో హోదా ఈ సినిమాతోనే వచ్చింది.

పిరికివాడి పాఠాలు

"ఛోటీ సీ బాత్" (1976) నిర్మాత బి.ఆర్. చోప్రా. ఇంగ్లీషు చిత్రం "స్కూల్ ఫర్ స్కౌండ్రల్స్" (1960) దీనికి మూలం. బస్టాపులో నోరు పెగలని అరుణ్, అతనికి అడ్డొచ్చే స్కూటరు నాగేష్‌గా అస్రానీ, ఖండాలాలో మగధీరత్వం నేర్పే కల్నల్‌గా అశోక్‌కుమార్! ఆ కల్నల్ దగ్గరికి సలహాకోసం సాక్షాత్తూ అమితాబ్ బచ్చన్ వస్తాడు. అంత కోపిష్టి హీరోకి కూడా సలహా కావాలట... కార్టూనిస్టు చురక అంటే ఇదీ!

ఈ తరం పాఠకులతో ఒక మాట. అరుణ్ రోజూ ఆ అమ్మాయి వెనకే నడుస్తాడు. ఈనాడు చూసే అమ్మాయిలకి అది ముద్దుగా అనిపించకపోవచ్చు, అనిపించాలని నేనూ అనను. ఆనాటి సినిమా దాన్ని తేలిగ్గానే తీసుకుంది. కానీ చివరిదాకా చూడండి. కల్నల్ నేర్పిన విద్యలన్నీ నాగేష్‌మీద ప్రయోగించి గెలిచిన అరుణ్, ఆ అమ్మాయి మీద ప్రయోగించాల్సిన ఆఖరి పాఠం దగ్గర ఆగిపోతాడు. ప్రేమించిన మనిషిమీద ఎత్తు వెయ్యలేనంటాడు. నన్నడిగితే ఆ సినిమాలో అతను మగాడైంది అక్కడే! ఈ స్క్రీన్‌ప్లేకి కూడా చటర్జీ ఫిలింఫేర్ అందుకున్నారు.

వెంటనే "చిత్‌చోర్" (1976). సుబోధ్ ఘోష్ కథ. పెద్దవాళ్ళు పొరపాటున ఒక కుర్రాణ్ణి పెళ్ళికొడుకనుకుని కూతుర్ని కలిసిమెలిసి తిరగనిస్తారు. అసలువాడు దిగగానే "వాణ్ణి మర్చిపో" అంటారు! మనసేమన్నా గోడమీది క్యాలెండరా, కాయితం చింపేయడానికి? ఆ పిల్ల ఎదురు తిరుగుతుంది. ఆ పాత్ర వేసిన జరీనా వహాబ్ మన విశాఖపట్నంలో పుట్టిన పిల్లే! ఇందులో పాటకి ఏసుదాసుకి జాతీయ అవార్డు వచ్చింది.

కథ ఎవరిదైతేనేం!

మీరు గమనించే ఉంటారు. ఒకటి నవల, ఒకటి కథ, ఒకటి మరాఠీ సినిమా, ఒకటి ఇంగ్లీషు సినిమా... చటర్జీ సొంత కథ ఏదీ అని అడగొచ్చు. "స్వామి" (1977) మన తెలుగు పాఠకులు సొంతవాడనుకునే శరత్‌బాబుది. దానికే ఆయన ఉత్తమ దర్శకుడిగా ఫిలింఫేర్ గెలిచారు. "మంజిల్" (1979) మృణాల్ సేన్ "ఆకాశ్ కుసుమ్"కి మరో రూపం. నా ఉద్దేశం ఏమిటంటే, అరువు తెచ్చుకున్న కథలో కూడా జీతం, అద్దె, బస్సు నంబరు ఆయన సొంతంగా వేసుకునేవారు. కథ ఎక్కడిదైనా, ఇంటి అడ్రసు మాత్రం ఆయనదే.

అయితే అన్నీ గెలుపులే అంటే అబద్ధమవుతుంది. పేరొచ్చాక ఏడాదికి మూడు నాలుగు సినిమాలు తీసిన రోజులున్నాయి. పెద్ద తారలు వచ్చారు. ధర్మేంద్ర, హేమమాలినిలతో "దిల్లగీ" (1978), అమితాబ్‌తో "మంజిల్", దేవానంద్‌తో "మన్ పసంద్" (1980)! స్టారు వచ్చి కూర్చుంటే బస్టాపు చిన్నదైపోయిందని నాకనిపిస్తుంది. "మంజిల్" ఆ రోజుల్లో ఆడలేదు. కానీ సూటూ బూటూ వేసుకున్న అమితాబ్, మౌసమీ చటర్జీతో కలిసి బొంబాయి వానలో తడుస్తూ నడిచే పాట మాత్రం ఇప్పటికీ ప్రతి వానాకాలం బయటికొస్తుంది. సినిమా పోయినా వాన మిగిలింది!

చిన్నవాళ్ళతో, ముసలివాళ్ళతో తీసినప్పుడు ఆయన చెయ్యి మళ్ళీ తిరిగేది. "ఖట్టా మీఠా" (1978)లో పిల్లలు ఎదిగాక రెండో పెళ్ళి చేసుకునే పార్సీ జంట, "శౌకీన్" (1982)లో ముగ్గురు ముసలి సరదారాయుళ్ళు... "చమేలీ కీ షాదీ" (1986)లో కులాంతర ప్రేమని కుస్తీ గోదాలో పెట్టి నవ్వించారు. అందులో హీరో అనిల్‌కపూర్. ఆయన హీరోగా తొలి అడుగు వేసింది మన బాపు "వంశవృక్షం" (1980)లో అని గుర్తుందిగా!

పన్నెండుగురు, ఒక గది

"ఏక్ రుకా హువా ఫైస్లా" (1986) చూడనివాళ్ళు వెంటనే చూడండి. అమెరికన్ చిత్రం "ట్వెల్వ్ యాంగ్రీ మెన్"కి హిందీ రూపం. పన్నెండుమంది జ్యూరీ సభ్యులు, ఒక గది, ఒక కుర్రాడి ప్రాణం! మన దేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తర్వాత జ్యూరీలు లేవు. అయినా ఆ సంగతి సినిమా చూస్తున్నప్పుడు గుర్తురాదు. పంకజ్‌కపూర్ అరుపుల వెనక ఒక తండ్రి ఏడుపు వినబడుతుంటే చట్టం పుస్తకం ఎవరు తిరగేస్తారు?

దూరదర్శన్‌లో "రజని" (1985) వచ్చింది. గ్యాస్ సిలిండరు కష్టం దగ్గర్నుంచి ఆఫీసుల నిర్లక్ష్యం దాకా నిలదీసే గృహిణిగా ప్రియా తెందూల్కర్ ఇంటింటి మనిషైపోయింది. 1993లో "బ్యోంకేశ్ బక్షి"! రజిత్‌కపూర్ ధోవతి కట్టుకుని, తుపాకీ కంటే బుర్రని ఎక్కువ నమ్ముకున్న డిటెక్టివు. శరదిందు బందోపాధ్యాయ్ కథల్ని హిందీవాళ్ళ ఇంట్లోకి తెచ్చింది ఈ సీరియలే.

2020 జూన్ 4న బాసు చటర్జీ ముంబయిలో కన్నుమూశారు. అప్పటికి లాక్‌డౌన్ రోజులు, సినిమా హాళ్ళన్నీ మూసివున్నాయి.

ఈ వారం ఒక్కటే చూడగలిగితే "రజనీగంధ" చూడండి. రెండైతే "సారా ఆకాశ్" కూడా. మొదటిదానిలో ఒక అమ్మాయి తనకెవరు కావాలో తనే తేల్చుకుంటుంది. రెండోదానిలో ఆ అవకాశం ఎవరూ ఇవ్వని అమ్మాయి ఉంది. రెండూ ఒకే దర్శకుడు, ఐదేళ్ళ తేడాలో తీశాడు. చూశాక, మీ ఇంట్లో ఈ రెండు కథల్లో ఏది నడుస్తోందో ఒకసారి ఆలోచించండి.