మీకు తెలుసా? సొంతగడ్డకు వెళ్లిన ఆటగాళ్లకూ మలేరియా ముప్పే

ఆఫ్రికాలో పుట్టి పెరిగినవారికి మలేరియాను తట్టుకునే శక్తి కొంత ఉంటుంది. యూరప్‌లో కొన్నేళ్లు స్థిరపడితే అదీ తగ్గిపోతుంది. అందుకే అయినవాళ్లను చూడటానికి వెళ్లే క్రీడాకారులు తమకేమీ కాదనుకోవడం ప్రమాదకరం. ఐవరీ కోస్ట్ ఫుట్‌బాలర్ ద్రోగ్బాకు 2010లో మలేరియా సోకింది. 2021లో గాబన్ జట్టుకు ఆడివచ్చిన ఒబామెయాంగ్ అదే జ్వరంతో ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరూ కోలుకున్నారు.

ఇటలీ సైక్లింగ్ దిగ్గజం ఫౌస్టో కోపీకి ఆ అదృష్టం దక్కలేదు. 1959 డిసెంబరులో అప్పర్ వోల్టా (నేటి బుర్కినా ఫాసో) వెళ్లివచ్చాక ఆయనకు వచ్చిన జ్వరం మలేరియా అని వైద్యులు గుర్తించలేదు. 1960 జనవరి 2న, 40 ఏళ్లకే కన్నుమూశారు. వెంట వెళ్లిన తోటి సైక్లిస్టు జెమినియానీకి ఫ్రాన్సులో రోగం తేలింది, బతికి బయటపడ్డారు. ఎంత విషాదకరమైన తేడా!

మలేరియా రాకుండా వేసుకునే అటోవాకోన్-ప్రోగ్వానిల్ మాత్రలు ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ రోజూ వేసుకుని, తిరిగొచ్చాక మరో 7 రోజులు వాడాలి. ఇవి డోపింగ్ నిషేధిత జాబితాలో లేవు. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ ఎక్కువగా మునిమాపు నుంచి తెల్లవారేదాకా కుడుతుంది కాబట్టి దోమతెర కూడా అవసరమే. ఇన్ని చేసినా తిరిగొచ్చాక జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి, ఎక్కడికి వెళ్లొచ్చిందీ వైద్యుడికి చెప్పాలి.