తొలిసారి నగరానికి: బస ఎంపిక

కొత్త నగరంలో బసకు చాలామంది మొదట అద్దె చూస్తారు. అంతకంటే ముందు చూడవలసినవి రెండు: పని ఉన్న చోటు, లాడ్జిలో రోజును లెక్కగట్టే పద్ధతి.

అమలాపురం నుంచి రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్ళే అభ్యర్థికి మర్నాడు ఉదయం 10 గంటలకు హైటెక్ సిటీలో ఇంటర్వ్యూ ఉందనుకుందాం. విజయవాడ దారిలో వచ్చే బస్సుకు ఎల్.బి.నగర్ ముందు తగులుతుంది. అక్కడ గది తీసుకుంటే మెట్రోలో ఎర్ర మార్గాన అమీర్‌పేట వచ్చి, నీలి మార్గానికి మారాలి. కొత్తవారు ఇక్కడ తడబడితే ఇంటర్వ్యూకే ఆలస్యమవుతుంది. సికింద్రాబాదులో బస చేస్తే నీలి మార్గంలో నేరుగా చేరవచ్చు.

ఇక అద్దె లెక్క. కొన్ని లాడ్జీల్లో చేరిన వేళ నుంచి 24 గంటలు ఒక రోజు. మరికొన్నింటిలో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు 12 వరకు ఒక రోజు. ఉదయం 6కు చేరి రాత్రి 8కి ఖాళీ చేస్తే, రెండో పద్ధతిలో రెండు రోజుల అద్దె పడవచ్చు. అప్పుడు 700 రూపాయల గదికి 1,400 అవుతుంది. 24 గంటల పద్ధతిలో 1,000 రూపాయల గదే చవక.

కాబట్టి ముందుగా ఫోన్‌ చేసి అద్దె, జీఎస్టీ, ఖాళీ చేయవలసిన వేళ అడగండి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.

అభ్యాసం: ఇంటర్వ్యూ నాంపల్లిలో అయితే పై రెండు చోట్లలో ఏది అనువు? కారణం రాయండి.