ఒకరి కతను ఇంకొకరు అందుకుంటె తప్పేంది?

మా మేనకోడలు ఉస్మానియా లైబ్రరీల చదువుకుంటది. సాయంత్రం క్యాంపస్ నుంచి నడుసుకుంట వారాసిగూడల మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, తార్నాక పోతది. పోయిన నెల ఒకరోజు మొకం చిన్న జేసుకొని వచ్చింది. ఏమైందిరా అంటె ఫోన్ తీసి చూపెట్టింది. అండ్ల ఏం లేదు.

"తీసేసిన మామా. ఇరవై పేజీల కత" అన్నది.

సంగతేందంటె, ఈ పిల్ల దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదివింది. 1969ల వచ్చిన నవల, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నది. నిజాం కాలపు పల్లె, గడీ, దొర, ఆ గడీల మనుషులు. ఆ నవలల వనజ అని ఒక ఆడబాప ఉంటది. ఈ తరం పిల్లలకు ఆడబాప అంటె తెల్వదు గనక చెప్తున్న. దొర బిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోతుంటె, అరణం సామాన్ల తోటి పాటు ఒక దాసి పిల్లను గూడ పంపేటోళ్లు. ఆమెకు పెండ్లి లేదు, సొంత ఇల్లు లేదు, కాదనే హక్కు లేదు. మా పిల్ల ఆ వనజ నోటితోటి కత రాసింది. గడీల పొద్దుగాల లేస్తే ఆమెకు ఏం కనవడ్తది, రాత్రి పండుకుంటె ఏం యాదికొస్తది అని.

రాసినంక ఒక పెద్దమనిషికి చూపెట్టింది. ఆయన చదువకముందే తేల్చేసిండు. "ఇంకొకళ్ల పాత్ర మీద రాసుడంటె కాపీ కొట్టుడే. చేతనైతె సొంతంగ రాయి" అన్నడంట. పిల్ల ఇంటికొచ్చి మొత్తం తీసేసింది. "గిది కాపీనా మామా?" అని అడిగింది. అప్పుడు సక్కగ జవాబు చెప్పలేకపోయిన. అందుకే గిది రాస్తున్న.

నేను పెద్ద విమర్శకున్ని గాదు. చదివే పిచ్చి ఉన్నోన్ని, గంతే. చిన్నప్పుడు మా గల్లీల అద్దె పుస్తకాల దుకాణం ఉండె. దినానికి ఇంత అని పైసలు కట్టి నవల తెచ్చుకునేది. మధుబాబు షాడో నవలలు ఒక్క రాత్రిల అయిపోయేవి. మా అక్కలు యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' మీద పడేటోళ్లు. యండమూరి 'తులసిదళం' చదివి రాత్రిపూట బాత్రూంకు పోవాలంటె ఒకల్లకొకల్లు తోడు పోయినం. ఇప్పుడు చదివితె షాడోల తొందర ఎక్కువ, మనిషి తక్కువ అనిపిస్తది. యద్దనపూడి హీరోల పెద్ద కార్లు చూసి నవ్వొస్తది. గానీ ఆమె సంభాషణ నడిపినట్టు నడుపుడు ఇప్పటి సీరియళ్లు రాసెటోళ్లకు గూడ వస్తలేదు.

అద్దె పుస్తకాలకు ఒక రోగం ఉంటది. ఆఖరి పేజీలు చినిగిపోతయి. ఒకసారి షాడో నవలల ఆఖరి నాలుగు పేజీలు లేవు. మేం నలుగురం దోస్తులం సీతాఫల్‌మండి స్టేషన్ బెంచి మీద కూసొని, ఆ ముగింపు మేమే తయారు చేసినం. ఒకడు విలన్‌ను చంపిండు, ఇంకొకడు బతికిచ్చిండు, నేనైతె ఆని చెల్లెను తీసుకొచ్చిన. యాడాదికి పూర్తి పుస్తకం దొరికింది. చదివితె మాదే బాగున్నదనిపిచ్చింది. ఇయ్యాల పోరగాండ్లు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నది గిదే. నచ్చిన కతల నుంచి మనుషులను తీసుకొని, రచయిత ఆపిన కాన్నుంచి చదివెటోడు ముందుకు నడుపుడు.

పేరు ఇంగ్లీషుది గానీ పని మనకు కొత్త గాదు. 1957ల వచ్చిన 'మాయాబజార్' సినిమా చూడని తెలుగోడు ఉంటడా? ఆ శశిరేఖ వ్యాసుని భారతంల లేదు. బలరామునికి బిడ్డను పుట్టిచ్చి, అభిమన్యునికి ఇచ్చి పెండ్లి చెయ్యాలని ఘటోత్కచున్ని దింపింది వ్యాసుడు గాదు, మన దిక్కు కత చెప్పుకున్నోళ్లు. దాన్ని ఎవ్వలన్న కాపీ అన్నరా? పండుగకు టీవీల వస్తె ఇంటిల్లిపాది కూసొని చూస్తం.

గురజాడ 'కన్యాశుల్కం' గిరీశాన్ని ముళ్లపూడి వెంకటరమణ పట్టుకొచ్చి సినిమా లోకం మీద లెక్చర్లు ఇప్పిచ్చిండు. మనిషి గురజాడ మనిషే, కాలం మారింది, ఎక్కిరింపు ముళ్లపూడిది. ఓల్గా 'విముక్త'ల సీత పోయి శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తది. వాల్మీకి చెప్పని ముచ్చట్లు ఆ ఆడోళ్లు మాట్లాడుకుంటరు. ఆ పుస్తకానికి 2015ల సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంగ్లీషుల జీన్ రీస్ అనే రచయిత్రి 1966ల గిసొంటి పనే చేసింది. 'జేన్ ఐర్' నవలల అటక మీద తాళమేసి పెట్టిన పిచ్చామె ఉంటది గదా, ఆమె మొదట్ల ఎవ్వలు, ఎట్ల పిచ్చిదైంది అని ఒక నవలే రాసింది. మా పిల్ల వనజ కోసం చేసిన పని ఆ దారిల అడుగే.

ఇగ అవార్డులు రాని వాళ్ల సంగతి. ఊర్మిళ నిద్ర పాట మన ఆడోళ్లు ఎన్ని తరాల సంది పాడుతున్నరో. మొగడు అడివికి పోతె పద్నాలుగేండ్లు పండుకున్నది, తిరిగొచ్చి లేపితె ఎవ్వడురా నువ్వు అని గదమాయించింది. వాల్మీకి ఆమెను రెండు ముక్కలల్ల దాటేస్తె, దంచుకుంట ఇసురుకుంట పాడిన ఆడోళ్లు ఆమెకు కోపం గూడ ఇచ్చిన్రు. మా ఇంటి పక్కనున్న ఉస్మానియాలనే బిరుదురాజు రామరాజు 1950లల జానపద గేయాల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నడు. అంటె చదువురాని ఆడోళ్ల పాటలను యూనివర్సిటీ డెబ్బై ఏండ్ల కిందనే సాహిత్యమని ఒప్పుకున్నది. డక్కలోళ్లు మాదిగ వాడలల్ల జాంబ పురాణం చెప్తరు. పెద్ద పురాణాలల్ల పక్కన నిలబడ్డ జాంబవంతుడు అండ్ల లోకం కంటె ముందు పుట్టినోడు. కతల మమ్ములను పక్కకు పెడ్తె, మా కత మేమే చెప్పుకుంటమని అన్నట్టు గదా.

మా పిల్లకు నేను చెప్పాల్సిన అసలు ముచ్చట ఇంకొకటి ఉన్నది. వట్టికోట ఆళ్వారుస్వామి 1955ల 'ప్రజల మనిషి' నవల తెచ్చిండు. తెలంగాణ బతుకును వరుసగ నవలలల్ల రాయాలని ఆయన ఆశ. 'గంగు' పూర్తి గాకముందే 1961ల కన్నుమూసిండు. ఆయన ఇడిచిపెట్టిన పనిని నెత్తికెత్తుకున్నోడు ఎవ్వలు? దాశరథి రంగాచార్యనే. 'చిల్లర దేవుళ్లు', దాని ఎనక 'మోదుగుపూలు', 'జనపదం' గట్ల వచ్చినయి. ఆయన ఆళ్వారుస్వామి పాత్రలను ఎత్తుకపోలేదు, నిజమే. గానీ ఒకరి కతను ఇంకొకరు అందుకునుడు ఆయనకు తప్పనిపియ్యలే. అసొంటాయన నవలల నుంచి ఒక పిల్ల వనజను అందుకుంటె కాపీ ఎట్లయితది?

అయితె అన్నీ చెల్లుతయని నేను అంటలేను. పేజీలు పేజీలు దించి కింద తన పేరు పెట్టుకుంటె అది దొంగతనమే. ఎవ్వలి కత మీద రాస్తున్నవో ముందే చెప్పాలె. బతికున్న హీరోలను, ఆటగాళ్లను తెచ్చి పాడు కతలు రాసుడు నాకు నచ్చదు. పాత్రకు నొప్పి ఉండదు, మనిషికి ఉంటది.

ఇగ పైసల సంగతి. మన దేశంల కాపీరైట్ చట్టం 1957ది. రచయిత పోయినంక 60 ఏండ్ల దాకా హక్కు వారసులకు ఉంటది. లెక్క ఆయన పోయిన ఏడాది దాటినంక షురువైతది. రంగాచార్య 2015ల పోయిండు, అంటె 2075 ఆఖరు దాకా ఆ హక్కు ఉన్నట్టే. వనజ కతను పుస్తకమేసి అమ్మాలంటె వాళ్లను అడిగి అమ్ముడే మర్యాద, భద్రం గూడ. ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'కి 2021తోటి ఆ గడువు అయిపోయింది. అండ్ల కంఠీరవం మీద ఎవ్వలన్న రాసుకోవచ్చు. గురజాడ 1915లనే పోయిండు, గిరీశం మనందరోడు.

ఫోన్లల్ల వచ్చే కతలు మస్తుగ చదివిన. శానా మట్టుకు చప్పగనే ఉంటయి. హీరోకు కోపమెక్కువ, ఆస్తి ఎక్కువ, పిల్లకు కన్నీళ్లెక్కువ. అద్దె దుకాణంల ఉన్నయి గూడ అన్నీ బంగారమా? వందల ఒకటి నిలబడ్తది. ఆ ఒకటి రావాలంటె తొంభైతొమ్మిది రాయనియ్యాలె. చదువకుండనే కాపీ అంటె ఆ ఒకటి గూడ ఫోన్లనే సచ్చిపోతది.

మొన్న పిల్ల మల్ల వచ్చింది. ఈ ముచ్చట్లన్నీ చెప్పిన. జెరసేపు ఊకున్నది. ఎనుకటి సంగతొకటి అప్పుడు చెప్పింది. మా అమ్మ ఊరి గడీల గూడ ఒక ఆడబాప ఉండెనంట. మా అమ్మ ఈ పిల్లకు ఎప్పుడో చెప్పిందంట. నాకు ఇన్నేండ్లల్ల చెప్పలే, నేను గూడ అడుగలే. "ఆమె గురించి రాద్దామంటె నాకేం తెల్వదు మామా. వనజను పట్టుకుంటె ఆమె దాకా పోవచ్చనుకున్న" అన్నది.

అప్పుడే అమ్మకు ఫోన్ కలిపిన. ఆ గడీల ఆమె పేరేందమ్మా అని అడిగిన. అమ్మ మస్తుసేపు ఆలోచన చేసింది.

"పేరు తెల్వది బిడ్డా. అందరు ఓ పిల్లా అనే పిలిచేటోళ్లు. ముసలిదైనంక గూడ గంతే" అన్నది.

పిల్ల ఫోన్ తీసి మల్ల మొదటి నుంచి రాసుడు షురువు చేసింది. ఈసారి వనజ పేరు ఉంచుతవా మారుస్తవా అని అడిగితె, ముందుగాల ఆమెకు ఒక పేరు దొరకనియ్యి మామా అన్నది.