కౌమార వయస్సు – నిద్ర – పంచాయతీల కర్తవ్యము

పరీక్షలు సమీపించగనే తెల్లవారుజామున నాలుగు గంటలకు బిడ్డలను లేపి పుస్తకము ముందు కూర్చుండబెట్టుట మన గ్రామములలో పరిపాటి. వేకువ చదువును మేము ఆక్షేపింపము. అయితే ఆ బిడ్డ రాత్రి ఎన్ని గంటలకు నిద్రించెనని విచారించువారు అరుదు.

13 మొదలు 18 సంవత్సరముల వయస్సు వారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా దేశపు నిద్రావైద్యుల సంఘము 2016లో ప్రకటించినది. ఈ వయస్సున నిద్రను కలిగించుటకు తోడ్పడు మెలటోనిన్ అను ద్రవ్యము శరీరములో రాత్రి ఆలస్యముగా ఊరును. కావున పెందలకడనే కన్ను మూతపడని బాలుడు మొండివాడు కాడు, అది వయోధర్మము. అట్టివానిని నాలుగు గంటలకు లేపినచో నిద్ర సగమునకు సగము తరిగిపోవును.

పగలు చదివిన పాఠము మనస్సున స్థిరపడుటకు నిద్రయే ఆధారము. అది చాలనిచో ఏకాగ్రత తగ్గును. తెలిసిన లెక్కయు తప్పును. కోపమును, భయమును అదుపులో నుంచు శక్తి సన్నగిల్లి, చిన్న మాటకే విసుగు, కన్నీరు, దిగులు కలుగును. పెద్దలు దానిని పొగరనియు, సోమరితనమనియు తలచి దండింతురు. నిద్రలేమి దీర్ఘకాలము సాగినచో మానసికమైన కుంగుబాటుకు దారితీయవచ్చును.

అమెరికాలోని సియాటిల్ నగరమున 2016లో ఉన్నత పాఠశాలల వేళను ఉదయము 7-50 నుండి 8-45 గంటలకు మార్చిరి. తత్ఫలితముగా విద్యార్థుల నిద్ర దినమునకు సుమారు 34 నిమిషములు పెరిగినట్లు పరిశోధకులు కనుగొనిరి.

బడివేళలను మార్చుట పంచాయతీల చేతిలో లేదు. కాని ఊరి రాత్రిని ప్రశాంతముగా నుంచుట సాధ్యమే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 మొదలు ఉదయము 6 గంటల వరకు ఆరుబయట మైకులు వాడరాదు. ప్రభుత్వము ప్రత్యేకముగ అనుమతించిన కొలది పండుగ దినములలో సైతము అర్ధరాత్రి వరకే వీలు కలదు. సభ్యులు ఈ సంగతిని దండోరా వేయించి తెలుపవలెను. తమ ఇంటి పెండ్లిలో ముందుగా తామే పాటింపవలెను.

పరుండుటకు గంట ముందే సెల్‌ఫోనును దూరముగ నుంచుమని గ్రామసభలో తల్లిదండ్రులకు చెప్పవలెను. ఆడపిల్లల విషయము మరింత గమనింపదగినది. అంట్లు తోమి అందరికంటె వెనుక పరుండి, అందరికంటె ముందు లేచునది పలు ఇండ్లలో ఆమెయే. ఆ పని ఇంటిల్లిపాది పంచుకొనుట న్యాయము. దిగులు వారముల తరబడి వీడనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపవలెను.

వీథిదీపము, మంచినీరు వలెనే నిద్రయు బిడ్డలకు మనము సమకూర్పవలసిన సౌకర్యమే.