ఆస్పత్రిలో ‘ఇక్కడో సంతకం పెట్టండి’ అంటున్నారా? పరిశోధనల్లో మనకు రక్షణగా ఉండే ఎథిక్స్ కమిటీ ఏం చేస్తుంది?

చార్మినార్ పక్కనే ప్రభుత్వ నిజామియా టిబ్బీ కాలేజీ. మూసీ ఒడ్డున ఉస్మానియా జనరల్ ఆస్పత్రి. కంచన్‌బాగ్‌లో దక్కన్ మెడికల్ కాలేజీ. హైదరాబాద్ పాతబస్తీ జనం జ్వరమొచ్చినా, షుగర్ పెరిగినా ఎక్కువగా వెళ్లేది ఇలాంటి చోట్లకే. ఇవి వైద్యం చేసే చోట్లే కాదు, చదువు చెప్పే చోట్లు కూడా. చదువు ఉన్నచోట పరిశోధన ఉంటుంది. పీజీ విద్యార్థులు థీసిస్ రాయాలి, దానికి రోగుల వివరాలు కావాలి, రక్తం నమూనాలు కావాలి. కొన్నిసార్లు కొత్త మందును పోల్చి చూడాలి.

అందుకే ఓపీలో కూర్చున్నప్పుడు ఎవరో వచ్చి ‘చిన్న స్టడీ ఉంది, ఇక్కడో సంతకం పెట్టండి’ అనడం మామూలే. యూనివర్సిటీ విద్యార్థులు సర్వే పేరుతో గల్లీల్లోకి వచ్చి తలుపు తడుతుంటారు. అప్పుడు మన హక్కులేంటి? ఆ పరిశోధన సరైనదేనని ముందుగా చూసేదెవరు?

ఎథిక్స్ కమిటీ అంటే ఏంటి?

మనుషులపై చేసే ఏ ఆరోగ్య పరిశోధననైనా మొదలుపెట్టే ముందే పరిశీలించి, అనుమతి ఇచ్చే లేదా నిరాకరించే స్వతంత్ర బృందం ఇది. పరిశోధన ప్రణాళిక, రోగికి ఇచ్చే సమాచార పత్రం, సమ్మతి పత్రం, ప్రమాదం జరిగితే చేసే ఏర్పాట్లు అన్నీ దీని ముందుకు రావాలి. విద్యార్థి థీసిస్ అయినా మినహాయింపు లేదు. ప్రమాదం బాగా తక్కువగా ఉన్న అధ్యయనాలను త్వరగా పరిశీలించే పద్ధతి ఉంది. కానీ అలా పరిశీలించాలో, పూర్తి సమావేశం పెట్టాలో తేల్చేది కమిటీయే తప్ప పరిశోధకుడు కాదు.

కొత్త మందులు, టీకాల పరీక్షలను నియంత్రించేవి 2019 మార్చిలో వచ్చిన ‘న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్’. మిగతా ఆరోగ్య పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆధారం. అల్లోపతికే కాదు, యునానీ, ఆయుర్వేద పరిశోధనలకు కూడా ఈ మార్గదర్శకాలు దారి చూపుతాయి.

మందుల ట్రయల్స్‌ను పరిశీలించే కమిటీ కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ (సీడీఎస్‌సీఓ) వద్ద నమోదై ఉండాలి. ఇతర ఆరోగ్య పరిశోధనలను చూసే కమిటీలు కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం వద్ద నమోదు కావాలి. ట్రయల్ జరిగే చోట సొంత కమిటీ లేకపోతే అదే నగరంలో లేదా 50 కిలోమీటర్ల లోపు ఉన్న మరో నమోదిత కమిటీ అనుమతితో నడపవచ్చు.

కమిటీలో ఎవరుంటారు?

డాక్టర్లు మాత్రమే ఉంటే అది ఎథిక్స్ కమిటీ కాదు. 2019 నిబంధనల ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వారిలో వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్యుడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు, సామాజిక శాస్త్రవేత్త లేదా స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి వంటి మరొక స్వతంత్ర సభ్యుడు తప్పనిసరి. సగం మంది ఆ సంస్థకు బయటివారై ఉండాలి. చైర్‌పర్సన్ కూడా బయటి వ్యక్తే కావాలి. తన సొంత పరిశోధన చర్చకు వచ్చినప్పుడు ఆ సభ్యుడు నిర్ణయంలో పాల్గొనకూడదు.

సామాన్యుడు ఎందుకు? సమ్మతి పత్రం చదివి ‘ఇది నాకే అర్థం కాలేదు, రోగికెలా అర్థమవుతుంది’ అని అడగడానికి. పాతబస్తీ వంటి చోట ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ. ఇక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. పత్రం ఇంగ్లిష్‌లో ఉంటే లాభం లేదు. తెలుగులో ఉన్నా కొందరికి ఉపయోగపడదు. ఉర్దూ లిపిలో ఇచ్చినా మాట్లాడటం వచ్చి చదవడం రానివాళ్లుంటారు. అందుకే పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో వివరించాలని నిబంధన. చదవలేనివారి విషయంలో పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి సంతకం చేయాలి.

ఇంత జాగ్రత్త ఎందుకు? ఖమ్మంలో ఏం జరిగింది?

ప్రపంచం ఈ పాఠాన్ని చాలా మూల్యం చెల్లించి నేర్చుకుంది. నాజీ డాక్టర్ల విచారణ తర్వాత 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది. స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అన్నది అందులో మొదటి సూత్రం. అయినా అమెరికాలోని టస్కిగీలో 1932లో మొదలైన అధ్యయనం 1972 దాకా నడిచింది. సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా, ఆ చికిత్స ఇవ్వకుండా చూస్తూ ఉండిపోయారు.

మన దగ్గర కథ ఇంకా పాతది. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పింది సికింద్రాబాద్, బేగంపేట ప్రాంతంలోనే. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి తనను కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకున్నాడు. ఆ ప్రయోగం వల్ల ప్రపంచానికి మేలు జరిగింది. కానీ హుసేన్ ఖాన్‌కు ఏం చెప్పారు, వద్దనే అవకాశం అతనికి ఉందా అని అడిగే వ్యవస్థ అప్పట్లో లేదు.

వ్యవస్థ వచ్చాక కూడా అది పని చేయకపోతే ఏమవుతుందో ఖమ్మం చూపించింది. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాపై ఒక ప్రాజెక్టు మొదలైంది. అమెరికా సంస్థ పాథ్, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ఈ ప్రాజెక్టులో 10-14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న పేద, గిరిజన పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి ప్రాజెక్టే జరిగింది.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదని విచారణ కమిటీ తేల్చింది. హెచ్‌పీవీ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫార్సు చేస్తోంది. కాబట్టి ఇక్కడ వివాదం టీకా మంచిదా చెడ్డదా అన్నదాని కంటే, పిల్లల్ని ఎలా చేర్చుకున్నారన్న దాని గురించి.

ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. మరో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. అంటే దాదాపు ప్రతి పది పత్రాల్లో మూడింటిపై ఉన్నది తల్లిదండ్రుల సంతకం కాదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. దుష్ప్రభావాలను గమనించి నమోదు చేసే ఏర్పాట్లు సరిగా లేవని కూడా చెప్పింది.

మరో ఘటన 2011 నాటిది. అప్పటి గుంటూరు జిల్లా పిడుగురాళ్లకు చెందిన మహిళలు డబ్బుకు ఆశపడి హైదరాబాద్‌లో మందుల పరీక్షల్లో పాల్గొని అనారోగ్యం పాలయ్యారన్న ఆరోపణలు వచ్చాయి. ఔషధ నియంత్రణ అధికారులు విచారణ జరిపి ఆ సంస్థ అనుమతిని సస్పెండ్ చేశారు. పాల్గొన్నందుకు డబ్బివ్వడం తప్పు కాదు. ప్రయాణ ఖర్చులు, పోయిన కూలి ఇవ్వాల్సిందే. అయితే ప్రమాదాన్ని మర్చిపోయేంతగా డబ్బు ఆశ చూపకూడదు. ఎంత ఇవ్వాలన్నది కూడా ఎథిక్స్ కమిటీయే పరిశీలిస్తుంది.

ఇప్పుడు నిబంధనలు ఏం చెబుతున్నాయి?

సమ్మతి: పరిశోధన ఎందుకు, ఎన్ని రోజులు, ఏ ప్రమాదాలున్నాయి, పాల్గొనకపోతే ఉన్న చికిత్సలేంటి అన్నవి ముందే చెప్పాలి. సంతకం చేసిన పత్రం కాపీ మీకివ్వాలి. బలహీన పరిస్థితుల్లో ఉన్నవారిపై పూర్తిగా కొత్త మందును పరీక్షించేటప్పుడు సమ్మతి తీసుకునే ప్రక్రియను ఆడియో-వీడియో రికార్డు చేయాలి.

పిల్లలు: తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకుల అనుమతితో పాటు, ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా అడగాలి. 12 ఏళ్లు దాటితే అది రాతపూర్వకంగా ఉండాలి.

మధ్యలో మానేయడం: ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. అందువల్ల ఆ ఆస్పత్రిలో మీకు అందాల్సిన మామూలు వైద్యం ఆగకూడదు.

ప్రమాదం జరిగితే: మందుల ట్రయల్‌లో తీవ్ర దుష్ప్రభావం కనిపిస్తే పరిశోధకుడు 24 గంటల్లో ఔషధ నియంత్రణ సంస్థకు, స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. ట్రయల్ వల్ల కలిగిన గాయానికి వైద్యం ఉచితం. మరణానికి ట్రయలే కారణమని తేలితే వయసు, అంతకుముందున్న ఆరోగ్య పరిస్థితిని బట్టి ఫార్ములా ప్రకారం పరిహారం లెక్కిస్తారు. అది సాధారణంగా రూ.4 లక్షల నుంచి రూ.73.6 లక్షల వరకు ఉంటుంది. దాన్ని స్పాన్సర్ చెల్లించాలి.

మరి ఇంటికొచ్చే సర్వేల సంగతి?

సర్వేలో సూది ఉండదు. కానీ ఆదాయం, మతం, అప్పులు, ఇంట్లో గొడవలు, పెళ్లి వయసు వంటి ప్రశ్నలుంటాయి. ఇరుగుపొరుగు గోడలు ఆనుకుని ఉండే గల్లీలో ఒక మాట బయటికి పొక్కినా నష్టమే. ఇంట్లో హింస గురించి ఒక మహిళను అడుగుతుంటే పక్కనే భర్త ఉంటే, ఆమె నిజం చెప్పలేదు. చెబితే ఆ తర్వాత ఇబ్బంది పడేదీ ఆమే. ఎక్కడ కూర్చోబెట్టి అడుగుతారు, పేర్లు తీసేస్తారా, ఫోన్‌లో రికార్డు చేసిన మాటలు ఎవరి దగ్గర ఉంటాయి అని కమిటీ అడగాల్సింది ఇందుకే.

ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక పరిశోధన కూడా ఐసీఎంఆర్ మార్గదర్శకాల పరిధిలోకి వస్తుంది. మిగతా సర్వేల విషయంలో మందుల ట్రయల్స్‌కు ఉన్నంత గట్టి నిబంధనలు లేవు. అక్కడ యూనివర్సిటీ సొంత కమిటీయే ఆధారం.

కమిటీ ఉంటే సరిపోతుందా?

సరిపోదు. కమిటీ చూసేది ఎక్కువగా కాగితాలే. కాగితం మీద పద్ధతిగా ఉన్న సమ్మతి, రద్దీగా ఉన్న ఓపీలో అరనిమిషం సంతకంగా మారిపోవచ్చు. సభ్యుల్లో సగం వరకు అదే సంస్థ ఉద్యోగులు ఉండొచ్చు, సహోద్యోగి ప్రాజెక్టును కాదనడం అంత తేలిక కాదు. పరిశోధన జరిగే చోటికి వెళ్లి చూసే అధికారం కమిటీకి ఉంది. దాన్ని వాడుకుంటేనే రక్షణ నిజమవుతుంది. అందుకే పాల్గొనేవారు అడిగే ప్రశ్నలు కూడా ముఖ్యం.

సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి

1. ఇది నా చికిత్సా, పరిశోధనా? రెండూ అయితే ఏ భాగం పరిశోధన?

2. ఏ ఎథిక్స్ కమిటీ అనుమతి ఇచ్చింది? ఆ కమిటీని సంప్రదించే ఫోన్ నంబర్ పత్రంలో ఎక్కడుంది?

3. నాకు అసలు మందు కాకుండా ఉత్తుత్తి మందు ఇచ్చే అవకాశం ఉందా?

4. ఇబ్బంది వస్తే అర్ధరాత్రయినా ఎవరికి ఫోన్ చేయాలి? ఖర్చు ఎవరిది?

5. నేను వద్దంటే నా వైద్యం ఏమవుతుంది?

6. నా రక్తం నమూనా, నా వివరాలు తర్వాత దేనికి వాడతారు?

వెంటనే నిర్ణయం చెప్పాల్సిన పని లేదు. పత్రం ఇంటికి తీసుకెళ్లి, చదువుకున్న వారితో చదివించుకుని రావచ్చు. క్లినికల్ ట్రయల్ అయితే దాని వివరాలు ‘క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా’ వెబ్‌సైట్‌లో ఉండాలి. 2009 జూన్ నుంచి ఈ నమోదు తప్పనిసరి. ఆస్పత్రి పేరుతో లేదా జబ్బు పేరుతో ఫోన్‌లోనే ఉచితంగా వెతకవచ్చు. అనుమానం ఉంటే ముందుగా సమ్మతి పత్రంలో ఉన్న ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శిని సంప్రదించండి. మందుల ట్రయల్స్‌పై ఫిర్యాదు అయితే సీడీఎస్‌సీఓకు రాయవచ్చు, హైదరాబాద్‌లో దాని జోనల్ కార్యాలయం ఉంది. ఎవరికి ఫిర్యాదు చేసినా మొదట అడిగేది సమ్మతి పత్రం గురించే. కాబట్టి మీ కాపీ తీసుకుని, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.